పోస్టమ్మ పాపాయమ్మ గ్లౌజులు

పాపాయమ్మకి యాభై ఒక్క ఏళ్లు. రాజోలు దగ్గర కాలవ గట్టు ఊళ్లకి ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆవిడది. రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లు సైకిలు మీద తిరగాలి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఈపాటికి భూమిని మూడు చుట్లు చుట్టేశానని ఓసారి కాగితం మీద లెక్క వేసుకుని తెగ మురిసిపోయింది. ఆ ఊళ్లలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ పోస్టమ్మగారే.

అలాంటి మనిషి పోయినేడాది జీపెక్కింది!

ఏటా ఫిబ్రవరిలో అమలాపురంలో ఆడవాళ్ల సైకిలు యాత్ర పెడతారు. అంతర్వేది వెళ్లి మళ్లీ అమలాపురం రావాలి, వంద కిలోమీటర్లు. ఇదీ ఒక దూరమేనా అనుకుంటూ పాపాయమ్మ పేరిచ్చింది. వెళ్లేటప్పుడు హుషారుగానే వెళ్లింది. తిరుగుదారిలో మలికిపురం దాటాక వేళ్లన్నీ మొద్దుబారిపోయాయి. ఎదురుగా అరటిగెలల ఆటో ఆగి ఉంది. బ్రేకు నొక్కుదామంటే వేళ్లు కదిలితేనా? సైకిలుతో సహా వెళ్లి గెలల్లో పడింది. దెబ్బలేం తగల్లేదు కానీ, వెనకాల జీపులో వస్తున్న యాత్ర నిర్వాహకులు ఆవిణ్ణి అందులో ఎక్కించేసుకున్నారు. యాత్ర మధ్యలో మానేసి జీపెక్కినవాళ్లు కాగితం మీద సంతకం పెట్టాలట. పాపాయమ్మ చేతిలోంచి పెన్ను మూడుసార్లు జారిపోయింది. దాంతో జీపులో కూర్చున్న కుర్రాయన విసుక్కుని, ఆవిడ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద నొక్కించాడు.

పాపాయమ్మ ఇంట్లో తాతల దగ్గర్నుంచీ అందరివీ వేలిముద్రలే. పొలం పనులకి పోయి బతికినవాళ్లు. మిషను బళ్లో చదివి, పది పాసై, ఆ ఇంట్లో మొట్టమొదటి సంతకం పెట్టింది పాపాయమ్మ. జీపెక్కినందుకు ఆవిడకి పెద్ద బాధ లేదు. ఆ వేలిముద్ర మాత్రం ఏడాదంతా లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఈసారి వందా తొక్కాలి. తొక్కి, పతకాలిచ్చే బల్ల దగ్గర పుస్తకంలో ఇంటిపేరుతో సహా సొంత చేత్తో సంతకం పెట్టాలి. ఆవిడ పట్టుదలంతా దాని మీదే.

చేతులకి గ్లౌజులుంటే వేళ్లు మొద్దుబారవని ఎవరో చెప్పారు. భర్త దానం ఆ మాట విని నవ్వాడు. ఆయన కొబ్బరికాయల ఒలుపు చేస్తాడు.

"నలభయ్యేళ్ల నుంచి గునపం మీద కాయలు ఒలుస్తున్నాను, నేనెప్పుడన్నా తొడుగులేసుకున్నానేటే?"

"నీవి చేతులేంటయ్యా, రంపాలు. వీపు మీద చెయ్యేస్తే జాకెట్టు చిరుగుద్ది."

దానం మాట అలా ఉంచితే, మన పోస్టమ్మ చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పుకోవాలి. ఆవిడ బజారుకి వెళ్లి, పరుపు కొనేవాళ్లలాగా బొటనవేలితో నొక్కి నొక్కి చూసి, అన్నిటికంటే మందంగా, మెత్తగా ఉన్న జత పట్టుకొచ్చింది. పైగా ఒక సైజు పెద్దది. మనవాళ్లకి ఇదొక జబ్బు. చెప్పులైనా చొక్కాలైనా కాస్త వదులుగా కొంటే నాలుగు రోజులు ఎక్కువ వస్తాయనుకుంటారు. అవి తొడుక్కుని ఆదివారం ప్రార్థనయ్యాక తొక్కి చూస్తే ఇరవై కిలోమీటర్లకే వేళ్లు తిమ్మిరెక్కాయి! వదులు గుడ్డ ముడతలు పడి అరచేతిలో బొబ్బ కూడా లేచింది. చెమట వాసన పోవాలని రాతి మీద రెండు బాదులు బాదితే కుట్టు విడిపోయి లోపలి స్పాంజి బయటికొచ్చింది. యాత్రకి ఇక మూడు వారాలే ఉంది. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

ఆ శనివారం ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొడుతోంది. ముద్ర పిడికి సిరా అంటుకుని ఉంది, చూసుకోలేదు. పని అయ్యాక చెయ్యి కడుక్కోబోతూ ఆగిపోయింది. అరచెయ్యంతా నల్లగా లేదు. ఎక్కడ బరువు పడిందో అక్కడే నలుపు. తక్కిన చోట చెయ్యి శుభ్రంగా ఉంది!

సైకిలు తొక్కేటప్పుడూ బరువు ఇలాగే అక్కడక్కడే పడుతుందేమోనని పాపాయమ్మకి తట్టింది. తను కొనుక్కున్న సిరా బుడ్డి తీసుకుని బయటికి పరుగెత్తింది. సైకిలు హ్యాండిల్ రెండు వైపులా సిరా పట్టించి, కాలవ లాకుల దాకా తొక్కి వెనక్కి వచ్చి చేతులు చూసుకుంది. చిటికెనవేలి కింద, మణికట్టుకి ఆనుకుని ఉన్న కండ మీద నల్లటి మచ్చ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంకోటి. నడుమ గుంట మాత్రం తెల్లగా ఉంది. రెండు చేతులూ అంతే. ఇన్నాళ్లూ చెయ్యంతటికీ పరుపు వేద్దామనుకుంది. కావల్సింది రెండే చోట్ల ఆసరా! ఆవిడ చేతులు కడుక్కోలేదు. అలాగే అమలాపురం బస్సెక్కింది. పక్క సీటావిడ చీర కొంగు దగ్గరికి లాక్కుని కిటికీ వైపు జరిగిపోయింది.

సైకిళ్ల షాపు సాయిబాబు ఆ చేతులు చూసి కుర్చీలోంచి లేచిపోయాడు.

"అక్కగారూ! చేతులకేటయ్యిందండీ?"

"సిరా అండీ సాయిబాబుగారూ. ఆరిపోయింది, మీ సరుక్కేం అంటదు. నలుపున్న చోట మెత్త ఉండాలండీ. తెల్లగా ఉన్నచోట ఏవీ ఉండకూడదు. అలాంటి జత చూపించండి."

సాయిబాబు ఆ చేతుల వైపు కాసేపు చూసి, అర్థమయ్యేసరికి ఆవిడకంటే ఎక్కువ సంబరపడిపోయాడు. అటక మీది డబ్బాలు కూడా దింపేశాడు. ఒక సైకిలు హ్యాండిల్ ఊడదీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు, పట్టుకుని చూడమని. పాపాయమ్మ ఉత్తరాల కట్టలకి కట్టే సుతిలితాడుతో అరచేతి చుట్టూ కొలత తీసుకుంది, ఈసారి సైజు పెద్దది కాదు, సరిపోయేదే. ఒక్కొక్క జతా లోపలికి తిరగేసి, ఉత్తరాల సంచి కుట్లు చూసినట్టు చూసింది. ఒంటి కుట్టున్నవి పక్కన పడేసింది. పిడికిలి బిగిస్తే గుడ్డ ముడత పడినవీ పోయాయి. వేళ్లు సగం దాకా తెరిచి ఉండాలి, ఉత్తరాలు తిరగెయ్యాలి కదా. బొటనవేలి వెనక తువ్వాలు గుడ్డ ఉంటే చెమట తుడుచుకోవచ్చని సాయిబాబు చూపించాడు. తొమ్మిదో జత తొడిగేసరికి నల్లమచ్చల మీద మెత్త వచ్చి సరిగ్గా కూర్చుంది.

"గట్టిగా ఉందేటండీ ఇది? ఇంత పలచగానా?"

"మరీ మెత్తగా ఉంటే నలిగిపోయి అరచేతి నడుమ నరాన్ని నొక్కేస్తాదండీ, దాంతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇది అలాగే నిలబడతాది. మాట వినండక్కగారూ, ఇదే తీసుకోండి."

"ఆయ్" అంది పాపాయమ్మ.

మూడు వారాలూ వాటితోనే ఉత్తరాలు పంచింది. సబ్బునీళ్లలో ముంచి నీడన ఆరేసింది, రాతి దగ్గరికి మాత్రం పోనివ్వలేదు.

యాత్ర రోజు తిరుగుదారిలో మలికిపురం దాటగానే ఎదురుగా ఏమీ లేకపోయినా బ్రేకు గట్టిగా నొక్కింది. టక్కున ఆగింది! వెనకొచ్చే పిల్లలు "ఏవండీ, ఏటండీ" అని కేకలేశారు. ఆవిడ ఒక్కొక్క వేలే ఆడించి చూసుకుంది. పదికి పది ఉన్నాయి. రాజోలు సెంటర్లో దానం పని మానేసి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాడు. "తొక్కవే పాపాయమ్మా!" అని అరిచిన అరుపుకి ట్రాఫిక్కు ఆయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. ఆ ఊపులో అమలాపురం వచ్చేసింది.

బల్ల దగ్గర వరస. ఆవిడ ముందు రమ్యశ్రీ అని, అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి. చేతులకి దిండ్లలాంటి గ్లౌజులు. అవి తీసి పెన్ను పట్టుకోబోతే పెన్ను నేల మీద పడింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ పడింది. బల్ల వెనకాయన ఇంకు ప్యాడ్ ముందుకి తోశాడు.

"టైమవుతోందండీ, వేలిముద్ర వేసేయండి మేడమ్."

పాపాయమ్మకి ఆ మాట వినగానే మొహం వేడెక్కింది. ఇరవై రెండేళ్లలో ఆ మాట తను ఎన్ని గుమ్మాల్లో అందో! రిజిస్టరు ఉత్తరం వస్తే ముసలమ్మలు "సంతకం పెడతానమ్మా, కాస్త ఆగు" అనేవారు. తను ఏనాడూ ఆగలేదు. వాళ్ల బొటనవేలు పట్టుకుని నొక్కించేసి సైకిలెక్కేసేది.

పాపాయమ్మ ఆ ఇంకు ప్యాడ్ మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఆగండి బాబూ. కాసేపట్లో ఆ అమ్మాయికి చేతులు స్వాధీనంలోకొస్తాయి."

రమ్యశ్రీ వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని రుద్దింది. వెనక వరస గొణిగింది, పాపాయమ్మ పట్టించుకోలేదు. పది నిమిషాలకి ఆ పిల్ల వంకరటింకరగా సంతకం పెట్టి ఏడ్చేసింది. తర్వాత పాపాయమ్మ పెన్ను తీసుకుని, గెడ్డం పాపాయమ్మ అని, గీత దాటిపోయేంత పెద్దగా రాసింది.

సోమవారం మొదటి ఇల్లే రమణమ్మగారిది. ఎనభయ్యేళ్ల మనిషి, రిజిస్టరు ఉత్తరం వచ్చింది. పోస్టమ్మని చూడగానే అలవాటు కొద్దీ బొటనవేలు చాపింది. పాపాయమ్మ సైకిలుకి స్టాండు వేసి, అరుగు మీద కూర్చుని, ఆవిడ చేతిలో పెన్ను పెట్టింది.

"మెల్లగా పెట్టండి మామ్మగారూ. నాకేం తొందర లేదండీ."