మారుపేరు మొక్కు

మొన్న మా కాక ఇల్లు మారుతున్నాడంటే, సామాన్లు సర్దడానికి సాయంగా పెద్దపల్లి నుంచి గోదావరిఖని వెళ్లాను. అటక మీది నల్ల ట్రంకుపెట్టె దించి మూత ఎత్తానో లేదో, బూటు పాలిషు, నాఫ్తలిన్ ఉండలు, పాత కంబళి కలగలిసిన వాసన గుప్పుమని ముఖానికి కొట్టింది. మూత మీద తెల్ల పెయింటుతో రాసిన పటాలం నంబరు సగం చెరిగిపోయింది గానీ 'రాజేశం' అన్న పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే జడ మీదికి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో చెప్పాలంటే మా లైను సంగతి మొదలుపెట్టాలి.

కంపెనీ క్వార్టర్లు వరసగా ఉండేవి కాబట్టి మా వాడను 'లైను' అనేవాళ్లం. పొద్దున సైరన్ మోగేసరికి ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజుకుని, ఆ పొగలోనే నీళ్లు కాగి, పొద్దెక్కి అంబటి పొద్దుకు జొన్నరొట్టెలు కాలి, పప్పు ఉడికి, మధ్యాహ్నం గనిలో తూటాలు పేలినప్పుడు గూట్లో గిన్నెలు గణగణమని, మళ్లీ ఏమీ జరగనట్టు ఊరుకునేవి. గచ్చకాయలాడే మా అరచేతులు, ఉతికి ఆరేసిన తెల్ల పంచెలు, చివరికి మా తెల్లకోడి కూడా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. బతుకమ్మ రోజుల్లో మాత్రం ఆ నలుపు మీద తంగేడు పసుపు పచ్చగా మెరిసి, నువ్వుల సత్తుపిండి, మలీద ముద్దల వాసన పొగను కాసేపు ఓడించేది. నా జడ నడుము దాటి ఉండేది. దాని చివర జడకుచ్చులు కట్టుకుని బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే లైనులో నా అంత గొప్పది లేదని నాకు గట్టి నమ్మకం.

మా లైనులో ఇంకో విచిత్రం, మగవాళ్లలో సగం మందికి రెండేసి పేర్లు. గనిలో కొలువు దొరికినవాడు పోలేకపోతే అతని పేరు మీద తమ్ముడో బావమరిదో దిగేవాడు. మా తాత ఇంట్లో మల్లయ్య, గనిలో ఓదెలు. చచ్చేదాకా ఓదెలు పేరు మీదే బొగ్గు తవ్వాడు. దాన్ని మారుపేరు అనేవారు. అందులో దాచుకోవలసింది ఏదో ఉందని పిల్లలకు తోచేది కాదు. చొక్కా మార్చుకున్నట్టు పేరు మార్చుకోవచ్చని అనుకునేదాన్ని. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, అంతకంటే గట్టిగా నమ్మేది.

నాన్నను నేను బాపు అనేదాన్ని. బాపు భూగర్భ గనిలో పనిచేస్తూ, పని లేని వేళంతా ఎర్రజెండా యూనియన్‌లో తిరిగేవాడు. ఆయన తమ్ముడే రాజేశం కాక. గనిలోకి వెళ్లనని మొండికేసి పటాలంలో చేరాడు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆ నల్ల ట్రంకు మూత తెరుచుకునేది, అందులోంచి మిలిటరీ సబ్బులు, కిస్‌మిస్‌లు, బాపుకు ఒక సీసా బయటికి వచ్చేవి. వాటితో పాటు ఎప్పుడూ ఒక మాట కూడా వచ్చేది, "రూల్ ఒప్పదు". చుట్టాల పిల్ల పెళ్లికి ఇంకో వారం ఉండమంటే రూల్ ఒప్పదు. పటాలం ఎక్కడుందో చెప్పమంటే రూల్ ఒప్పదు. చేతి మీద పేరు పచ్చబొట్టు పొడిపించుకోమంటే రూల్ ఒప్పదు. ఒక్క రూలు మాత్రం లైనులో ఆడవాళ్లకు తెగ నచ్చింది. పెళ్లాం బతికుండగా ఇంకో పెళ్లి చేసుకున్న సిపాయిని కొలువులోంచి తీసేస్తారని కాక చెప్పినప్పుడు, రెండు కాలనీల్లో రెండు సంసారాలు నడిపే ఎదురింటాయన వైపు చూస్తూ బాపమ్మ అన్నది, "ఆ రూలు సాబును ఒక్క నెల మా గనికి పంపుమను బిడ్డా. వీళ్లను సక్కగ చేస్తడు."

అవును, బాపమ్మ లెక్కలో రూలు ఒక మనిషి. పెద్ద మీసాలు, చేతిలో బెత్తం, ఎవరి మాటా వినని ఒక అఫ్సరు. కాక ఎన్నిసార్లు చెప్పినా ఆమె మనసులోంచి ఆ అఫ్సరు దిగలేదు. ఆమె ఒళ్లో పెరిగిన నేనూ అట్లాగే నమ్మాను.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, యూనియన్ ఎన్నికల రోజుల్లో, కాక సెలవు మీద వచ్చాడు. ఊరేగింపు మా ఇంటి ముందుకు రాగానే బాపు ఆగి, తన మెడలో ఎర్ర కండువా తీసి తమ్ముడి మెడలో వెయ్యబోయాడు. డప్పులు ఆగాయి, నలుగురూ చూస్తున్నారు. కాక రెండు చేతులూ జోడించి, "అన్నా, జెండా ఏదైనా సిపాయి దాని కింద నిలవడొద్దు, రూల్ ఒప్పదు" అని లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాడు. కిటికీ రెక్క కూడా మూశాడు. ఊరేగింపులో ఎవరో నవ్వారు. బాపు ఆ తర్వాత మూడు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. ఒకే పొయ్యి మీద వండిన కూడు చెరో మూలన కూర్చుని తిన్నారు. ఇద్దరి మధ్య కంచాలు పెట్టి తీసే పని నాది.

ఆ మూడో రోజునే బాపమ్మ తన మొక్కు సంగతి బయటపెట్టింది. అంతకు ముందు ఏడు సరిహద్దు నుంచి మూడు నెలలు కాక ఉత్తరం లేకపోతే, వేములవాడ రాజన్నకు మొక్కిందట. కొడుకు క్షేమంగా ఉంటే వాడు ఏడాది పెంచిన జుట్టు రాజన్నకు ఇప్పిస్తానని. కాక తన నెత్తి మీద గడ్డిపరకల్లాంటి వెంట్రుకలు నిమురుకుని, వారం వారం క్షవరం చేయించుకోవాల్సిందేనని, పటాలంలో జుట్టూ గడ్డమూ పెంచే హక్కు సర్దార్లకు మాత్రమే ఉన్నదని చెప్పాడు. తమ దగ్గర ఒకే కప్పు కింద గుడి, మసీదు, గురుద్వారా ఉంటాయని, అందరూ అందరి పండగలూ చేస్తారని, కానీ ఎవరి మొక్కు కోసమూ జుట్టు పెంచనివ్వరని చెప్పాడు. బాపమ్మ చాలాసేపు ఆలోచించి పరిష్కారం చెప్పింది.

"మీ అయ్య ఓదెలు పేరు మీద అన్నేండ్లు బొగ్గు తీసిండు. నువ్వు ఒక్క ఏడాది సర్దారు పేరు మీద ఉండరాదురా?"

మూడు రోజులుగా మూతి బిగించుకున్న బాపు మొదట నవ్వాడు. కాక కూడా నవ్వాడు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వి, మళ్లీ ఒకే చోట కూర్చుని తిన్నారు. బాపమ్మ మాత్రం నవ్వలేదు. తీరని మొక్కు తన కొడుకును ఎక్కడో ఒక చోట పట్టుకుంటుందని ఆమె భయం. కాక రైలెక్కి పోయాక ఆ భయం ఇంకా ముదిరింది. రేడియోలో సరిహద్దు అనే మాట వినపడితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. సోమవారాలు ఒక్కపొద్దుండటం మొదలుపెట్టింది, తర్వాత శుక్రవారాలు కూడా. మనిషి మా కళ్ల ముందే సగమైపోయింది.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి ఇన్‌లాండు ఉత్తరం చేతికిచ్చి, రూలు సాబుకు రాయమంది. "కొడుకు వెంట్రుకలకు బదులు అన్న బిడ్డవి ఇస్త. కొడుకు పేరు మీదనే ఇస్త. గట్ల చెల్లుతదా, చెల్లదా? నువ్వు సరే అంటెనే ఇస్త" అని. రాస్తుంటే నా పెన్ను ఆగిపోయింది. అన్న బిడ్డను నేనే. ఆ వెంట్రుకలు నా జడవే. బాపమ్మకు చదువు రాదు కనక, ఆమె చెప్పిందంతా రాసి, అడుగున సన్న అక్షరాలతో నా మాట కూడా చేర్చాను: "సార్, మీరు సరే అనొద్దు. నా జడంటే నాకు ప్రాణం. బతుకమ్మకు జడకుచ్చులు కట్టుకోవాలి. ఇట్లు, స్వరూప, నాలుగో తరగతి." కాక పటాలం చిరునామా రాసి, పైన 'రూలు సాబు గారికి' అని పెద్దగా రాసి, నేనే పోస్టు డబ్బాలో వేశాను.

జవాబు తెలుగులోనే వచ్చింది. రూలు సాబుకు తెలుగెట్లా వచ్చునన్న అనుమానం నాకు రాలేదు. అన్ని రూళ్లూ తెలిసినవాడికి తెలుగు ఒక లెక్కా! బాపు డ్యూటీలో ఉన్నాడు, అమ్మ నల్లా దగ్గర ఉంది. బాపమ్మ గోడకానుకుని కూర్చుని, చీర కొంగు రెండు చేతుల్లో నలుపుతూ, "చదువు బిడ్డా" అంది. కాగితం మీద ఇట్లా ఉంది: "అమ్మా, మీ కొడుకు క్షేమం. ఎవరి మొక్కు వారే తీర్చాలి. రిటైరై వచ్చాక మీ కొడుకే తీరుస్తాడు. పాప జడ ముట్టుకోవద్దు. ఇది ఆర్డరు."

నేను గెలిచాను. ఎగిరి గంతెయ్యాలి. కానీ కాక రిటైరు కావడానికి ఇంకా పన్నెండేళ్లు ఉన్నాయని ఇంట్లో పెద్దలు అనుకుంటుంటే విన్నాను. పన్నెండేళ్లు బాపమ్మ అట్లాగే కొంగు నలుపుతూ కూర్చుంటుందని ఆ క్షణాన నాకు కళ్లకు కట్టినట్టు తోచింది. మణికట్టు మీంచి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి ఆమెకు. మొదటి వాక్యం ఉన్నదున్నట్టు చదివి, గొంతు సవరించుకుని, మిగతాది నేనే అల్లాను: "పాప వెంట్రుకలు మీ కొడుకు పేరు మీద ఇస్తే చెల్లుతుంది. ఇది ఆర్డరు."

బాపమ్మ కాగితానికి దండం పెట్టి, ఆ రోజు ఒక్కపొద్దు అని కూడా మరిచి రెండు రొట్టెలు తిన్నది. కాగితం దేవుని పటం వెనక పెట్టానని చెప్పి పొయ్యిలో వేశాను. బాపు చదివితే నా బండారం బయటపడేది.

శివరాత్రికి వేములవాడ పోయాం. కల్యాణకట్టలో మంగలి నా తల తడిపి, ఎవరి పేరు మీద అని అడిగితే, బాపమ్మ నా భుజం పొడిచింది. "రాజేశం" అన్నాను. కత్తి చల్లగా తగిలింది, జడ ఒళ్లో పడింది, నాకు ఏడుపు ఆగలేదు. నెత్తికి గంధం పూస్తూ బాపమ్మ చెప్పింది, "ఏడవకు రాజేశం, మొక్కు తీరింది." ఆ రాత్రి ఆమె సత్రంలో గురక పెట్టి పడుకుంది. ఆమె గురక విని ఎన్నాళ్లయిందో!

ఎండాకాలం మొదట్లోనే కాక వచ్చాడు. గేటు దగ్గర గుండుతో నిలబడ్డ నన్ను చూసి ట్రంకు కింద పెట్టాడు. టోపీ లేకుండా సెల్యూట్ కొట్టొద్దని ఆయనే ఒకప్పుడు నాకు చెప్పాడు. భుజం పట్టీ కింది టోపీ తీసి పెట్టుకుని, మడమలు కలిపి, టక్కున నాకు సెల్యూట్ కొట్టాడు. "పొల్లకు సెల్యూట్ ఏందిరా?" అని బాపు అంటే, "రూల్ ఉన్నదన్నా" అన్నాడు. గుండును వెక్కిరిస్తున్నాడనుకుని నేను ఇంట్లోకి పరిగెత్తి, ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

మొన్న ఆ ట్రంకు అడుగున, కంబళి మడతలో, నా ఇన్‌లాండు ఉత్తరం దొరికింది. మడతల దగ్గర చిరిగినా, అడుగున సన్న అక్షరాలు అట్లాగే ఉన్నాయి. పట్టుకుని బయటికి వచ్చాను. కాక అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వీధి చివర ఏదో ఊరేగింపు డప్పు వినపడితే, రిటైరై ఇన్నేళ్లయినా, లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు. మా లైను ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్ట కింద ఎక్కడో మా పొయ్యి, మా గచ్చకాయలు ఉన్నాయి. బొగ్గుల పొయ్యి పొగ లేదు, బాపు లేడు, బాపమ్మ లేదు, రెండు పేర్ల మనుషులూ లేరు.

"రూలు సాబు ఎవరు కాకా?" అన్నాను.

ఉత్తరం చూసి ఆయన అద్దాలు తీశాడు. "ఆయన రిటైరైండు బిడ్డా" అన్నాడు. ఉత్తరాన్ని పాత మడతల వెంటే మడుస్తూ, "నేను వద్దని రాసిన. గుండుతోని నువ్వు గేటు కాడ నిలవడ్డప్పుడే తెలిసింది, నువ్వు ఏం చదివినవో. మా అవ్వకు చెప్పినవా?"

"చెప్పలే."

"నేను సుత చెప్పలే." నున్నటి బట్టతల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "రిటైరైనంక నేనే తీరుస్త అని రాసిన గదా. వచ్చేటాల్లకు అవ్వ లేకపాయె, నెత్తి మీద వెంట్రుక లేకపాయె. గా మొక్కు గట్లనే ఉండిపాయె."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తీరింది కాకా. నీ పేరు మీదనే ఇచ్చిన."