‘కనమ్మా, నేను చూస్తాను’ అన్న పైడమ్మ పిన్ని

ఫస్ట్ షిఫ్టు ముగించుకుని ప్లాంటు గేటు దాటుతూ ఫోను చూసుకున్నాను. పక్కింటి గౌరి వరసగా ఫోన్లు చేసి ఉంది. తిరిగి చేస్తే, "అక్కా, పైడమ్మ పిన్ని మరి లేదక్కా" అంది. ఎక్కడికి వెళ్ళిందని అడిగాను! అంత తెలివితక్కువగా అడిగాను. పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గుండెల్లో బరువుగా ఉందంటూ మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదట. గేటు పక్కన సైకిలు స్టాండు దగ్గర అలాగే కూలబడిపోయాను. అప్పటికి నాకు నాలుగో నెల. ఆ బిడ్డను కనడానికి నేను సాహసించిందే పైడమ్మ పిన్ని ఇచ్చిన మాట మీద.

భిలాయి క్యాంప్ 1లో, మా వీధిలో, ఆవిడ అందరికీ పిన్నే. తల్లులకీ పిన్నే, ఆ తల్లుల పిల్లలకీ పిన్నే. ఎదురింటి హిందీవాళ్ళకు సైతం ‘పిన్నీజీ’. ఉక్కు ప్లాంటులో ఖలాసీగా, అంటే బరువులు మోసే కూలీగా, ఉద్యోగం దొరికిన భర్త వెంట విజయనగరం దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చి, ఆయన గతించిన తరవాత కూడా ఆ రెండు గదుల ఇంటిని విడవలేదు. కొడుకు నెహ్రూ నగర్‌లో ఫ్లాటు కొనుక్కుని ఎంత బతిమాలినా, "అక్కడ పగలే తలుపులు మూసుకుంటారు బాబూ, నాకు ఊపిరాడదు" అనేది. ఆవిడ పోయాక మా తెలుగు సంఘం వారు ఆవిడ ఫొటోతో ఫ్లెక్సీ వేయించి ‘సేవామూర్తి, త్యాగమయి’ అని రాయించారు. రెండు మాటలు రాసిమ్మని నన్ను అడిగారు. ఆ బిరుదులు చూస్తే పిన్ని పడీపడీ నవ్వేది. నేను అవి వాడను. ఆవిడ త్యాగమయి కాదు, నోటి దురుసు మనిషి, పాలు తాగే పిల్లలకి టీలో బిస్కెట్లు ముంచి పెట్టేసేది, వద్దంటే, "నీ మొగుడికీ అదే పెట్టాను, చచ్చాడేటి?" అనేది.

పిల్లల్ని కనాలా వద్దా అన్నది జీతాన్ని బట్టీ, ఇంటిని బట్టీ, వయసును బట్టీ తేల్చుకుంటారని పత్రికల్లో రాస్తుంటారు. కాదని నేననను. కాని మొగుడూ పెళ్ళాలిద్దరూ షిఫ్టులకు వెళ్ళే మా బోటి ఇళ్ళలో వాటన్నిటికంటే ముందు లేచే ప్రశ్న ఒకటుంది: ఎవరు చూస్తారు? మా తల్లులు చాలామంది బొబ్బిలిలోనో పలాసలోనో ఉండిపోయారు. ఇక్కడున్న అత్తగార్లకు తమ నడుములు నిలబెట్టుకోవడమే గగనం. మధ్యాహ్నం ఒకరు డ్యూటీ దిగకముందే ఇంకొకరు డ్యూటీకి బయల్దేరాలి. ఆ నడిమి వేళ పసికందు ఎవరి ఒడిలో ఉండాలి? మా వీధి వరకు దానికి జవాబు పైడమ్మ పిన్ని. "కనమ్మా, నేను చూస్తాను" అని ఆవిడ అన్నదంటే ఆ ఇంట ఉయ్యాల కట్టినట్టే.

చూడడమంటే అలా ఇలా చూడడం కాదు. ఎవరింట్లో ఎవరికి ఏ షిఫ్టు నడుస్తోందో అన్నీ ఆవిడ నోటికొచ్చు. ప్లాంటు సైరను మోగేసరికి వాకిట్లో నిలబడి ఉండేది. నిద్రలో ఉన్న బిడ్డను నిద్ర చెడకుండా భుజం మార్చుకోవడం ఆవిడకొక విద్య. హిందీ ఆవిడకు రాలేదు. పిల్లలకు తెలుగు సరిగా రాదు. "చుప్ బైఠో, లేపోతే ఈపు ఇమానం మోతే!" అని ఆవిడ అరిస్తే హిందీ పిల్లలూ మన పిల్లలూ ఒక్కలాగే అదిరిపోయేవారు. మా అమ్మాయి హరితకు ఇప్పుడు పదకొండేళ్ళు. అది మాట్లాడే తెలుగులో సగం పిన్ని పెట్టిన భిక్షే. తక్కిన సగం తిట్లు, అవీ పిన్నివే.

ఆవిడ దగ్గరికి వెళ్ళి అడగడానికి మా వీధిలో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. కోడలు, కొడుకు, అత్తగారు ముగ్గురూ పళ్ళో ఫలహారమో పట్టుకుని సాయంత్రం పూట ఆవిడ అరుగు మీద కూర్చుంటారు. అత్తగారు విషయం కదుపుతుంది: "ఇంకోటి కంటే బాగుంటాది గదా, నువ్వేటంటావు?" పిన్ని వెంటనే ఏమీ అనదు. ముందు ఆ కోడలి మొగుణ్ణి లేపుతుంది. "బాబూ, కాస్త ఉతై దాకా ఎల్లొస్తావా? అక్కడి నాటు వంకాయలు తినాలనుంది." ఉతై ఊరు ఇక్కడ పక్కనే ఉందా ఏమన్నా! అబ్బాయి స్కూటరు తీసేవాడు. అత్తగారి ఒళ్ళో బియ్యం చేట పెట్టి రాళ్ళేరమనేది. ఆరేసిన బట్టలు తీద్దాం రమ్మని కోడల్ని పెరట్లోకి తీసుకుపోయేది. ఆ బట్టలు తీసి లోపలికి వచ్చాకే తన జవాబు చెప్పేది.

చాలాసార్లు ‘చూస్తాను’ అనేది. కొన్నిసార్లు మాత్రం మోకాలు పట్టుకుని కూర్చునేది. "మోకాలు చచ్చిపోతన్నాది వదినా. ఇంకో పసిగుంటని నేనెత్తలేను." అంతటితో ఆ ఇంట రెండో బిడ్డో మూడో బిడ్డో ఆగిపోయేది. అందుకని ఆ మోకాలి మీద మా వీధికి చెప్పలేనంత కోపం. పాపం వైద్యమూ చేశారు! ఒకరు ఆముదం తెచ్చారు, ఒకరు ఉప్పు కాపడం పెట్టారు, ఇంకొకరు దుర్గ్ నుంచి ఏదో తైలం తెప్పించారు. అన్నీ శ్రద్ధగా చేయించుకునేది. ఆ వారమే రేకుల కప్పు మీది గుమ్మడికాయ కోసం నిచ్చెన ఎక్కి కనబడేది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా? "పైడమ్మ మోకాలికి మనుషుల్ని బట్టి నొప్పి" అని ఆవిడకు వినబడేలాగే అనేవారు. బిందె నింపుకుని వచ్చేసేది గాని ఒక్క మాట తిరిగి అనేది కాదు. నోటి దురుసు మనిషి కదా, ఇంత ఓర్పు ఎక్కణ్ణించి వచ్చిందా అని అప్పట్లో నాకు ఆశ్చర్యంగా ఉండేది.

ఆ రహస్యం నాకు తెలిసిన నాటి సంగతి రాస్తాను. మా ఆయన ఇది చదువుతారు. చదవనీ.

హరిత పుట్టాక ఏడాది పైచిలుకు నాకు లోకం మీద రుచి పోయింది. పిల్లను ఎత్తుకుంటే ఎప్పుడు దింపుతానా అనిపించేది. దింపితే దుఃఖం ముంచుకొచ్చేది. దానికి వైద్యంలో ఒక పేరుందని తరవాత తెలిసింది. మా ఇంట్లో మాత్రం దిష్టి అన్నారు. పిల్ల నడక నేర్చిందో లేదో, "ఒక్కతే అయితే ఎలాగ, తోడుండొద్దా?" అని మా అత్తగారు మొదలుపెట్టారు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, ఒంటరిగా పెరిగిన మనిషి. మా ఆయన తల్లికీ నాకూ మధ్య గోడకు చేరబడి కూర్చునేవారు. ఒకనాడు ముగ్గురం పిన్ని అరుగు మీదికి వెళ్ళాం. ఆయన ఉతై వెళ్ళారు, అత్తగారు చేట పట్టారు, నేను పెరట్లోకి నడిచాను.

తీగ మీది చీర సగం తీసి ఆగింది పిన్ని. "ఒలే, ఇటు చూడు. నీకు కావాలేటి? నిజం చెప్పు. నీ అత్త ఇక్కడ లేదు, నీ మొగుడు ఇక్కడ లేడు."

తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఏడ్చేశాను.

"సరే, మొహం కడుక్కుని రా" అంది, అంతే. లోపలికి వెళ్ళి మా అత్తగారి ఎదురుగా మోకాలు పట్టుకుని మూలగసాగింది. ఆ మూలుగు వింటుంటే, ఎన్నాళ్ళ నుంచో గుండె మీదున్న బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టనిపించింది. నా నోట రాలేని ‘వద్దు’ను ఆ మహాతల్లి తన మోకాలిలో దాచుకుంది. మా అత్తగారు ఇంటికి వచ్చేదాకా ఆవిడను తిడుతూనే ఉన్నారు.

తరవాత ఒకసారి అడిగాను, "ఎందుకు పిన్నీ ఇన్ని మాటలు పడతావు?" అని. చేతిలోని చిక్కుడుకాయ ఈనె తీస్తూ చెప్పింది: "నలుగుర్ని కన్నానే నేను. బంగారాల్లాంటి పిల్లలే, కాదన్ను. నీకు కావాలేటే పైడీ అని ఒక్కలడిగితే ఒట్టు. మీ బాబాయి అడగలేదు, మా అత్త అడగలేదు, మా అమ్మే అడగలేదు. అడిగితే నేనూ కావాలనే అందును గావాల. కాని అడగాల గదా!"

ఏళ్ళు గడిచాయి. నా ఆరోగ్యం కుదుటపడింది. హరిత తన జడ తనే వేసుకునేంతదైంది. కిందటేడు నాలో నాకే వింతగా ఒక కోరిక మొలకెత్తింది. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాక ఇదేం పిచ్చి అని నన్ను నేనే కోప్పడ్డాను. పోలేదు. మా ఆయనతో చెబితే, "నీ ఇష్టమే నా ఇష్టం, కాని ఎవరు చూస్తారు?" అన్నారు. ఈసారి పళ్ళూ ఫలహారమూ లేకుండా ఒక్కర్తినే పిన్ని అరుగెక్కాను. చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకే కావాలా?" అంది. "నాకే" అన్నాను. ఆ ముఖంలో వెలిగిన సంతోషాన్ని వర్ణించే శక్తి నా కలానికి లేదు.

"కనమ్మా, నేను చూస్తాను."

"నీకు డెబ్బై దాటాయి కదా పిన్నీ?"

"డెబ్బై దాటితే చేతులు ఊడి పడిపోతాయేటే? పో, పోయి మీ ఆయనకి చెప్పు."

ఆ మాట పట్టుకునే గర్భం దాల్చాను. ఆ మాట ఇచ్చిన మనిషి ఇప్పుడు లేదు.

దహనం నాటి సాయంత్రమే మా అత్తగారు నా మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు: "ఆవిడ పోయింది. నువ్వు షిఫ్టులకెళ్ళాల. నా కళ్ళు సరిగా కనబడవు, పసిబిడ్డని నా చేతికిస్తే నాకే భయం. డాక్టరమ్మని అడిగితే ఇంకా గడువుందేమో. ఆలోచించుకోండమ్మా." ఒకప్పుడు బిడ్డ కావాలని పోరిన నోరే అది. నాకు ఒళ్ళు మండింది. కాని ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేముంది? మా ఆయన కేసి చూశాను. ఆయన గోడ కేసి చూశారు. ఇలాంటప్పుడు నన్ను పెరట్లోకి పిలిచి అడిగే మనిషి పాడె మీద వెళ్ళిపోయింది. ఆ దుఃఖం, ఈ భయం కలిసి నన్ను నిలువునా కుంగదీశాయి. రోజూ డ్యూటీకి వెళ్ళి వస్తూ, తాళం వేసి ఉన్న పిన్ని తలుపు చూసి ఏడుస్తూ, అవుననీ కాదనీ తేల్చుకోలేక పోయాను.

పెద్దకర్మ నాడు వంటకు సాయం చేద్దామని వీధి ఆడవాళ్ళమంతా పిన్ని పెరట్లోనే కూరలు తరుగుతున్నాం. ఎవరో పెద్దావిడ పాత అలవాటు కొద్దీ, "ఎంత చేసినా ఆ మోకాలు మాత్రం దొంగ మోకాలే" అంది. గౌరి కత్తిపీట మీది నుంచి లేచి నిలబడింది. "అది నాకోసం నొప్పెట్టింది. ఇద్దరాడపిల్లల తరవాత మగపిల్లాడి కోసం మా అత్త పట్టుబడితే, వద్దని చెప్పింది నేను. తిట్లు తిన్నది పిన్ని." గౌరి అత్తగారు అక్కడే ఉంది! ఆ రహస్యం నా ఒక్కదాని సొత్తని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నేనూ చెప్పేశాను. నాతో పాటు ఇంకొందరు చెప్పారు. నవ్వామో ఏడ్చామో మాకే తెలియదు. గౌరి అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని అలాగే కూర్చుండిపోయింది.

రైల్వేలో పనిచేసే మేరీ మాత్రం నవ్వలేదు. ఆవిడా ఒకప్పుడు తల అడ్డంగా ఊపిన మనిషే. కొన్నేళ్ళకు కావాలనుకుంటే కడుపు పండలేదు. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి పిన్ని ప్రతి ఆదివారం మేరీ వెంట చర్చికి వెళ్ళి, లోపలికి రానంటూ మెట్ల మీద కూర్చునేదట. "వద్దన్న మాట నాదే కదా పిన్నీ, నువ్వెందుకు కుమిలిపోతావు అంటే, ‘మాట నీదేనే, చెప్పిన నోరు నాది’ అనేది" అని మేరీ చెప్పింది. చెప్పి నా చెయ్యి పట్టుకుంది. "నీ సంగతి గౌరి చెప్పింది. భయానికి మాత్రం వద్దనుకోకు. కావాలనుకుంటే కను." గౌరి, "నా షిఫ్టు లేని పూట నా దగ్గరుంచు అక్కా" అంది. మేరీ ఆదివారాలు తనవంది. ఇంకొకావిడ మధ్యాహ్నాలు కుదరొచ్చేమో చూస్తానంది. పిన్ని ఒక్క మాటలో ఇచ్చిన అభయాన్ని ఇంతమంది కలిసి, ‘కుదిరితే’ ‘వీలైతే’ అంటూ ఇవ్వవలసి వచ్చింది. అదీ మా వీధికి వాటిల్లిన లోటు. వాళ్ళను తప్పు పట్టను. ఎవరి బతుకు వాళ్ళది.

ఇంటికి వచ్చి మా అత్తగారికీ, ఆయనకూ ఎదురుగా నిలబడి చెప్పాను, ఈ బిడ్డ నాకు కావాలని. ఎవరి మోకాలూ అడ్డం లేకుండా, ఎవరి మాటా అండ లేకుండా, నా నోటితో నేను చెప్పాను. మా ఆయన ఈసారి గోడ కేసి చూడలేదు. రోజూ ఒకే పగటి వేళకుండే జనరల్ షిఫ్టు తనకిమ్మని అడిగి చూస్తానన్నారు. ఇస్తారో ఇవ్వరో దేవుడికి తెలియాలి.

పిన్నీ, నీ పాదాలకు నమస్కారం. నాకు భయంగానే ఉంది, నీ దగ్గర అబద్ధమెందుకు? గౌరి పిల్లలు, ఎదురింటి వాళ్ళ పిల్లలు, నా హరిత, అందరూ నీ భుజం మీదే నిద్రపోయారు. మన వీధిలో నువ్వు ఎత్తుకోని మొదటి బిడ్డను నేను కనబోతున్నాను.