గొడుగు నిండా వడగళ్ళు

ఆ రోజుల్లో సికింద్రాబాద్ పిల్లలకు మంచు అంటే ఐసుబండివాడు చెక్కి ఇచ్చే ముక్కే. ఆకాశానికి కూడా ఆ వ్యాపారం తెలుసునని నాకు ఎనిమిదో ఏట, ఓ ఎండాకాలం మధ్యాహ్నం తెలిసింది. అప్పటికే ఊళ్ళో మా దొరల గడీ పోయి, భూములు పోయి, రెజిమెంటల్ బజార్‌లో ఓ గిన్నెల దుకాణం వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. పోనిది పరువొక్కటే. దాని బాధ్యత నాయనమ్మది. మన ఇంటి పిల్లలు కింద పడ్డది ఏరుకోరు అన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. (గోలీ జారినా అక్కడే వదిలేసి రావాలి. వీధి పిల్లలకు నేనంటే ఎందుకంత ఇష్టమో మీకు అర్థమై ఉంటుంది.)

ఆ మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే, పైన రేకుల మీద ఎవరో కంకర కుమ్మరించినట్టు చప్పుడైంది. గుమ్మంలోకి పరిగెత్తాను. ఎండలోనే తెల్లటి రాళ్ళు పడుతున్నాయి! ఒక్కొక్కటీ పడి, ఎగిరి, తళుక్కున మెరిసి, మళ్ళీ పడుతోంది. చూస్తుండగానే నల్లటి రోడ్డు తెల్లబడింది. పిల్లలంతా చొక్కాల్లోకి ఏరుకుంటున్నారు. ఒక్కటంటే ఒక్కటి చేతిలో పట్టుకోవాలని నాకూ ప్రాణం కొట్టుకుపోయింది. కానీ అవన్నీ కింద పడ్డవే. అందుకని వీధి మధ్యకు వెళ్ళి, నడుం నిటారుగా నిలబెట్టి, పడబోయేవాటి కోసం రెండు చేతులూ చాచాను. చేతుల్లో తప్ప నెత్తిన, ముక్కున, భుజాన అన్నిచోట్లా పడ్డాయి.

“ఏందిరో దొరా, గట్ల నిలబడ్డవ్? జల్ది ఏరుకో, కరిగిపోతున్నయ్!” అని దుకాణం వాళ్ళబ్బాయి అరిచాడు.

“మేం ఏరుకోం,” అన్నాను, నెత్తి తడుముకుంటూ.

“అయితే నెత్తి పగలగొట్టుకో!”

గుమ్మంలోంచి చూస్తున్న నాయనమ్మ విసురుగా లోపలికి వెళ్ళింది. తిట్లకు సిద్ధపడ్డాను. తాతగారి పాత గొడుగుతో తిరిగొచ్చింది. పట్టపగలు వీధిలో అడుగుపెట్టని ఆ మనిషి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, నా పక్కన నిలబడి, గొడుగు విప్పి తలకిందులుగా పట్టుకుంది! టపటపా గొడుగు నిండింది. లోపల ఎండ పడి అవి మెరుస్తుంటే, ముత్యాలని అన్నా తక్కువ చేసినట్టే (మా ఇంట ఒకప్పుడు ముత్యాలుండేవి కాబట్టి చెబుతున్నాను).

“పట్టు బిడ్డా. ఇవి కింద పడలే,” అంది. పిల్లలవైపు తిరిగి, “మీరు సుత రాండ్రి,” అంది. తనొకటి నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

“అమ్మో, పండ్లు జివ్వుమన్నయిరా!” అని పకపకా నవ్వింది.

ఆమె అలా నవ్వగలదని నాకు తెలియదు. ఆకాశాన్ని వదిలేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాను. గొడుగులోంచి తీసుకుని నా చేతిలో పట్టుకున్నది ఎప్పుడు కరిగిపోయిందో!

మొన్న వేసవిలో, ఇప్పుడు మేముండే సైనిక్‌పురిలో వడగళ్ళు పడ్డాయి. ఆరేసిన బట్టలు తెస్తానని డాబా ఎక్కి, చాలాసేపటికి, పూర్తిగా తడిసి, హుందాగా కిందికి దిగాను.

“బట్టలేవి?” అంది మా ఆవిడ.

వెనక్కి కట్టుకున్న నా చేతుల్లోంచి చల్లటి నీళ్ళు మెట్ల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.