డాక్టరమ్మ తిప్పిన పలక

నా చిన్నప్పుడు మా తాతయ్య అంగీ జేబులో ఎప్పుడూ పుట్నాలు ఉండేవి. అవి ఆయన తినడానికి కాదు, మా తమ్ముడికి. బాన్సువాడ బజారుకు ఏ పని మీద వెళ్లినా ఓ పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. నేనడిగితే నాలుగు గింజలు రాల్చేవాడు గానీ, ఆ జేబులో చెయ్యి పెట్టే హక్కు మాత్రం తమ్ముడొక్కడిదే. నాకు ఒళ్లు మండేది, దాచడమెందుకు!

తమ్ముడికి అప్పుడు ఎనిమిదేళ్లు. నవ్వు ముఖం, నెమ్మదైన మాట. తోటి పిల్లలు కూడికలు చేస్తుంటే వాడింకా 'అ' దిద్దుతూనే ఉన్నాడు. బళ్లో సారు బెత్తంతో కొట్టేవాడు. తాతయ్య పొలం నుంచి రాకముందే అమ్మ వాణ్ణి వంటింట్లోకి తీసుకెళ్లి, అరచేతులకు కొబ్బరినూనె రాస్తూ ఏడ్చేది. తాతయ్యకు తెలిస్తే బడి మీదికి గొడవకు పోతాడని ఆమె భయం.

అలాంటి రోజుల్లో పెద్దసారు అమ్మకు ఓ మంచి మాట చెప్పాడు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లల కోసం బళ్లో వేరే గది పెడుతున్నారట, అక్కడ బెత్తం పట్టని టీచరమ్మ ఉంటుందట. అయితే వారానికోసారి పట్నం నుంచి దవాఖానకు వచ్చే డాక్టరమ్మ పిల్లాడి తెలివిని పరీక్షించి, అవసరమని చెప్పాలట. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. తాతయ్య మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"నా మనుమనికి తెలివి లేదని ఊరంత చాటింపు వేస్తరా? పిచ్చోడని పేరు పెడ్తరు. రేపు వానికి పిల్లనెవరిస్తరు?" అన్నాడు. ఎనిమిదేళ్ల వాడి పెళ్లి గురించి ఆయనకు అప్పుడే ఫికర్!

చివరికి అమ్మ పోరు పడలేక దవాఖానకు బయలుదేరాడు. మొదటిసారి వెళ్లినప్పుడు మా వంతు రాకుండానే పొద్దుపోయింది, వచ్చే వారం రమ్మన్నారు. అయితే మా తాతయ్య ఊరికే కూర్చునే మనిషా! గుమ్మంలో నిలబడి లోపల జరిగేదంతా చూశాడు. బల్ల మీద ఓ చెక్క పలక ఉంది. అందులో చందమామ, చుక్క, గుండ్రం ఇలా రకరకాల ఆకారాల్లో గుంటలు. పిల్లలు చెక్క ముక్కల్ని ఏరి, దేని గుంటలో దాన్ని పెట్టాలి. తిరిగొచ్చే దారిలోనే తాతయ్య మా వాడకట్టులో చెక్కపని చేసే వడ్లాయన ఇంట్లో దూరాడు. టేకు ముక్కలతో అచ్చం అలాంటి పలకే మా ఇంటికొచ్చింది.

ఇక ఆ వారమంతా మా అరుగు మీద ఒకటే సాధన. ముక్క సరిగ్గా పడితే తమ్ముడు చెయ్యి చాపుతాడు, తాతయ్య ఓ గింజ పెడతాడు. మళ్లీ ముక్క, మళ్లీ గింజ. రోజులు గడిచేకొద్దీ వాడి చెయ్యి తడుముకోవడం మానేసింది. "చూస్తున్నవా, నా మనుమడు ఎట్ల జేస్తుండో!" అని తాతయ్య మీసం దువ్వుకునేవాడు. దవాఖానలో నోరు తెరవొద్దని అమ్మకు హుకుం వేశాడు.

పరీక్ష రోజు నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ పలక ముందు పెట్టగానే తమ్ముడు చందమామను టక్కున దాని గుంటలో పెట్టాడు. పెట్టి, ఆమె ముందుకు చెయ్యి చాపాడు. ఆమెకు అర్థం కాలేదు. చుక్కను పెట్టాడు, మళ్లీ చాపాడు. తాతయ్య గబగబా పైకప్పు వంక చూడసాగాడు. డాక్టరమ్మ ఆయన ఉబ్బిన జేబు చూసి ఫక్కున నవ్వింది. "తాతా, పుట్నాలా? నాకు కూడ నాలుగు పెట్టు" అంది. తాను తిని, వాడికీ పెట్టింది. తర్వాత ముక్కలన్నీ తీసి, పలకను బల్ల మీదే అటు అంచు ఇటు వచ్చేలా తిప్పింది.

తమ్ముడు చుక్కను పాత చోటే పెట్టాడు. అక్కడిప్పుడు గుండ్రం గుంట ఉంది. అది పట్టలేదు. నొక్కాడు, ఇంకా గట్టిగా నొక్కాడు. చివరికి తాతయ్య వంక చూసి ఏడుపు మొదలుపెట్టాడు.

"తిప్పితే ఎట్ల డాక్టరమ్మా? గిది అన్యాలం!" అని తాతయ్య లేచాడు.

ఆమె కోప్పడలేదు. "నేను మార్కులు వేస్తలేను తాతా. వీనికి మన చెయ్యి ఎక్కడ కావాల్నో వెతుకుతున్న. మీరు ఆ జాగనే కప్పిపెట్టిండ్రు. వీడు అన్నీ చేస్తడని నేను చెప్తే, రేపు మళ్ల పాత తరగతిలనే కూసోవాలె."

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "అంగి గుండీలు పెట్టుకొనుడు రాదు మేడం. దుక్నానికి పంపితే వాపస్ వచ్చే తొవ్వ యాదికుండదు. బళ్లె సారు కొట్టినా చెప్పుకొనుడు రాదు, చేతులు చూస్తెనే నాకు ఎరుకైతది."

తాతయ్య అమ్మ వంక చూశాడు. తమ్ముడి చెయ్యి అందుకుని అరచేతిని వెలుతురుకు పట్టాడు. వారమంతా ఆ చేతిలోనే గింజలు పెట్టాడు, ఒక్కసారీ దాన్ని సరిగ్గా చూడలేదు. పాత వాతల మీద బొటనవేలితో నిమిరాడు. మా తాతయ్య ఏడవడం నేను చూసింది అప్పుడే.

"ఎట్లుండో గట్లనే రాయి డాక్టరమ్మా" అన్నాడు.

ఆమె తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరడించి, బొమ్మలు చూపించి, మాట్లాడించి, అమ్మను ఇంకా ఎన్నో అడిగింది. నాలుగేళ్ల పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాలి, చెబితే మాత్రం నేర్చుకుంటాడు అని తేల్చింది. ఆ 'నేర్చుకుంటాడు' అనే మాటను అమ్మ దారి పొడవునా తలచుకుంది. వాడు కొత్త గదికి మారాడు. తాతయ్య మా పలకను పారేయలేదు, రోజుకో వైపు తిప్పి వాడి ముందు పెట్టేవాడు. వాడు తప్పు చేసినా గింజ పెట్టేవాడు.

ఇప్పుడు తమ్ముడు నా దగ్గరే ఉంటాడు, తల నెరిసింది. మనవలు బడి నుంచి రాగానే ఎన్ని మార్కులొచ్చాయని మా కోడలు అడుగుతుంది. నేను మాత్రం ఏది రాలేదని అడుగుతాను, రాని చోటే కదా మన అవసరం. తమ్ముడు అంగీ గుండీలన్నీ తానే పెట్టుకుంటాడు, మెడ దగ్గరిది తప్ప. దానికోసం నా ముందుకొచ్చి గడ్డం పైకెత్తి నిలబడతాడు. నేను పెట్టి, చెయ్యి చాపుతాను. వాడు జేబులోంచి ఓ పుట్నాల గింజ తీసి నా అరచేతిలో పెడతాడు.