కడుపులో మిగిలిన మావి

ఆడి కృత్తిక పండగ రోజు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా తిరుత్తణి కొండ ఎక్కడం మా అత్తగారింటి ఆచారం. పెళ్లయిన ఏడేళ్లకు నెల తప్పినదాన్ని, మొక్కుకున్నదాన్ని, నేనెందుకు ఊరుకుంటాను? సగం మెట్లెక్కేసరికి పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి లేచి, కళ్లు తిరిగి పడిపోయాను.

"ఉపాసానికి పైత్యం ఎక్కినాది, అంతే" అని అత్త మజ్జిగ తాగించింది. నేనూ అదే నమ్మాను. ఆసుపత్రికి పోదామన్న మా ఆయనను "మొక్కు మధ్యలో సూదిమందా?" అని కసిరింది నేనే. నా నోటికి ఆయనెప్పుడూ ఎదురు చెప్పడు. ఆ ఒక్కరోజు చెప్పి ఉండాల్సింది.

ఐదో నెల స్కానులో బిడ్డ అడ్డంగా ఉందని మాత్రం చెప్పారు. బిడ్డ కదిలితే మురిసిపోయామని తల్లులందరూ అంటారు. నేను మాత్రం కదిలిన ప్రతిసారీ నొప్పికి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అయినా కదలకపోతే భయపడి, కదిలేదాకా కడుపు తడుముతూ కూర్చునేదాన్ని.

ఏడో నెలలో గాజులు తొడిగి, కనకమ్మ సత్రం ఊరి దగ్గరున్న మా పుట్టింటికి పంపారు. అక్కడి ఊరి నర్సు నా కడుపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"కాలు తోలు కిందనే చేతికి దొరకతా ఉండాదే! మొదట్లో ఎప్పుడన్నా నొప్పితో పడినావా అక్కా?"

కొండ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే ఆంబులెన్సు పిలిపించి, నాతోపాటే తిరువళ్లూరు వచ్చింది.

అక్కడి పెద్ద డాక్టరమ్మ స్కాను మిషన్ను మూత్రసంచి దగ్గర పెట్టి మెల్లగా పైకి జరిపింది. "ఇదిగో గర్భసంచి, ఖాళీగా ఉంది. బిడ్డ దీనికి బయట, పేగుల మధ్య పెరుగుతోంది" అంది తమిళంలో. కొండ మీద ఆ రోజు గర్భసంచి పక్కనుండే గొట్టం చిట్లి, అందులోని పిండం బయటపడి అక్కడ అతుక్కుందట. ఇంకా ఆలస్యం చేస్తే ఇద్దరమూ దక్కమంది. అయినా రక్తం సిద్ధంగా లేనిదే కడుపు కొయ్యనంది. మా ఆయన రక్తమివ్వడానికి చుట్టాలను, తోటి పనివాళ్లను వ్యానులో ఎక్కించి తెచ్చాడు.

ఆడపిల్ల. రెండు రోజులు బతికింది. ఊపిరితిత్తులు ఎదగలేదన్నారు. ఒక్కసారి నా చేతికిచ్చారు. నా చిటికెన వేలు పట్టుకుంది.

మా ఇళ్లలో కాన్పు కాగానే మావిని పెరట్లో పాతిపెట్టడం అత్త పని. ఆమె ఆసుపత్రి వరండాలో కొత్త ముంత పట్టుకుని నిలబడింది.

"మావి యాడుండాదిరా?"

"దీని కడుపులోనే ఉండాదిమా" అన్నాడు మా ఆయన.

పేగులకు అతుక్కున్న మావిని పీకితే నెత్తురు ఆగదని, డాక్టరమ్మ బొడ్డుతాడు కోసి దాన్ని లోపలే వదిలేసింది. నెలల మీద అదే కరిగిపోతుందంది. జ్వరమొచ్చినా, కడుపు నొప్పి వచ్చినా పరుగెత్తుకు రమ్మంది. నెలనెలా స్కానుకు రమ్మంది.

అది కరిగిపోవాలని అందరూ కోరుకున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కోరుకోలేదు. నా బిడ్డకు అన్నం పెట్టింది అదే. నా బిడ్డది నా దగ్గర ఇంకేముంది? అరచేయంత ఉన్నది నిమ్మకాయంత అయిందని డాక్టరమ్మ సంతోషపడిన రోజు, బస్సులో కడుపు మీద చెయ్యి వేసుకుని "తొందరపడకే తల్లీ" అని బతిమాలుకున్నాను. పక్క సీటామె కడుపుతో ఉన్నాననుకుని కిటికీ వైపు జరిగి చోటిచ్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు తెరమీద ఏమీ కనిపించలేదు.

"అంతా పోయిందమ్మా. ఇక నువ్వు రానక్కర్లేదు."

"వచ్చే నెల ఇంకొక్కసారి చూస్తారా మేడం?"

ఆమె నా ముఖంలోకి చూసింది. చీటీ మీద తేదీ రాసిచ్చింది.

వెళ్లాను. చల్లటి జెల్ రాసి, ఏమీ లేని ఆ తెరను నాతోపాటు ఎప్పటిలాగే చాలాసేపు చూసింది.