కౌసల్యమ్మ చెయ్యి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కిరాయి ఇంట్లో బడి మొదలైననాడే కౌసల్యమ్మ ఆయాగా చేరింది. ఇప్పుడా బడి ఎల్బీనగర్, బాలాపూర్, పెద్ద అంబర్‌పేట్ దాకా శాఖోపశాఖలైంది. అన్నిటి మీదా పెత్తనానికి ఒక కమిటీ కూడా వచ్చింది. బడి పెట్టిన విజయదుర్గ మేడం ముందే ఒక నియమం పెట్టారు: కమిటీలో ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ పని ఆగిపోవాలి. అందుకని ఆయాల తరఫున ఎవరిని కూర్చోబెట్టాలా అని చూసి, నోట్లో నాలుక లేని మనిషని కౌసల్యమ్మను కూర్చోబెట్టారు. వాళ్ల లెక్క తప్పలేదు. కొత్త బ్రాంచి అన్నా, కొత్త యూనిఫారం అన్నా అందరికంటే ముందు ఆమె చెయ్యే లేచేది.

ఆమె ప్రాణమంతా మధ్యాహ్నం మీదే. అన్నాలయ్యాక నర్సరీ గదిలో బొంతలు పరిచేది. పిల్ల బడిలో చేరేటప్పుడు తల్లి ఒక పాత మెత్తని చీర తెచ్చివ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ చీరలనే కౌసల్యమ్మ బొంతలుగా కుట్టేది. పిల్లలు పడుకుంటే బయటి మెట్రో రొద కూడా ఎక్కడో దూరంగా వినిపించేది. గదంతా తల్లుల చీరల వాసనలో తేలుతున్నట్టుండేది. ఎవరో ఒక పిల్ల నిద్రలో నవ్వేది. ఏ కలలో ఎక్కడ తిరుగుతోందో! చూస్తూ చూస్తూ కౌసల్యమ్మా ఆ కలలోకి జారుకునేది.

ఆ నిద్రనే తీసేద్దామన్నాడు కమిటీ ఛైర్మన్ సీతారాములు. అన్ని బ్రాంచీలకూ ఒకటే టైంటేబుల్, నిద్ర బదులు అబాకస్ లెక్కలు. మీటింగ్ పాత బడిలోనే, అదీ మధ్యాహ్నమే పెట్టారు. ఒడిలో తప్ప నిద్రపోని తన్మయి అనే పిల్లను ఎత్తుకునే వచ్చి కూర్చుంది కౌసల్యమ్మ.

"ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు ఛైర్మన్. అందరి చేతులూ లేచాయి, ఒక్కటి తప్ప.

"ఏందమ్మా, ఎత్తవేంది?"

"పిల్ల తల కింద ఉన్నది సారూ. తీస్తే లేస్తది."

"ఇంకో చెయ్యి లేదా?"

"అది జోకొడుతున్నది గద సారూ."

పిల్ల తల కింది చెయ్యి కదల్లేదు, జోకొట్టే చెయ్యి ఆగలేదు. తన్మయి నిద్రలో ఎందుకో నవ్వింది. విజయదుర్గ మేడం ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకుని, "కాస్త నెమ్మదిగా మాట్లాడండి, పాప లేస్తుంది" అన్నారు.

సీతారాములు కాసేపు పిల్ల వంకే చూశాడు.

"సరే, తర్వాతి ముచ్చటేంది?" అన్నాడు, గుసగుసగా.