నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి

గోడ మీది ఫొటో చూసి అందరి సంగతులూ అడుగుతారు. ఎవరి ముక్కు ఎవరికొచ్చిందో తేల్చుకుంటారు. ఆ చివర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాయన ఎవరని మీలో ఒక్కరైనా అడిగారా? అడగరు. మీకు నోళ్లున్నది తినడానికే! కూర్చోండి, చెబుతాను. వాడు మా ఆఖరి తమ్ముడు. వీధంతా ‘పుదీనా’ అనేవారు.

వాడిది క్షవరం కొట్టు. కత్తి పట్టుకుంటే గడ్డం గీసినట్టే తెలిసేది కాదు, కబుర్లు అంత బాగా చెప్పేవాడు. ఒకనాడు డ్రాయింగు మాస్టారికి గడ్డం గీస్తూ, చెవిలో ఏదో చెప్పబోయి వంగాడు. మాస్టారు చటుక్కున మొహం తిప్పేసుకున్నారు. అంతే, తన నోరు కంపు కొడుతోందన్న పురుగు మావాడి బుర్రలో దూరింది.

ఇక కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అద్దం వెనక బ్రష్షు పెట్టుకుని, ఒక గడ్డం అవగానే పెరటి కుళాయి దగ్గరికి పరుగెత్తేవాడు. లవంగం పేస్టుతో నోరు మండింది గాని నమ్మకం కుదరలేదు. పుదీనా, దాల్చినచెక్క, ఉప్పు పేస్టు, చివరికి పసిపిల్లల స్ట్రాబెర్రీ పేస్టు కూడా అయ్యాయి. నీలం రంగు మౌత్‌వాష్ పుక్కిలించి కళ్లనీళ్లు తుడుచుకునేవాడు. ఆ తొందరలో ఒక్కోసారి పని మధ్యలోనే వదిలేసేవాడు.

“సగం గీసి ఎటు పోయావయ్యా? మిగతా సగం మా ఆవిడ గీస్తుందా?” అని కుర్చీలోంచి కేకలు.

నోరు తెరవడం మానేశాడు. కబుర్ల కోసం వచ్చేవాళ్లు వేరే కొట్టు చూసుకున్నారు. ఇంట్లోనూ అదే తంతు. పెళ్లాం కమలాపండు వలిచి పెడితే, అప్పుడే తోమిన నోటికి చేదు విషంలా తగిలేది.

“పండు బాగాలేదు.”

“పండు బంగారంలా ఉంది. నీ నోరే బాగాలేదు. పడుకున్నా గోడకేసి తిరుగుతావు, ఆ గోడనే కట్టుకోకపోయావా?”

ఏళ్లు గడిచాయి. ఒక పొద్దున మాస్టారి చెంపకు నురగ రాస్తూ వాడిక ఆగలేకపోయాడు.

“సార్, ఆ రోజు మొహం ఎందుకు తిప్పుకున్నారు?”

“ఏ రోజయ్యా?”

వాడు అంతా చెప్పాడు. మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు.

“అప్పుడు నా దవడపన్ను పుచ్చి చీము పట్టింది. నా నోటి కంపు నీకు కొడుతుందని తిప్పుకున్నానయ్యా! నువ్వు చూడలేదనుకున్నాను.”

ఆ గడ్డం పూర్తిచేసి, కొట్టు మూసి, కుళాయి వైపు చూడకుండా ఇంటికొచ్చాడు. పెళ్లాం మొహంలో మొహం పెట్టి అడిగాడు.

“వాసనొస్తోందా? నిజం చెప్పు.”

ఆవిడ కదలకుండా నిలబడింది. “మనిషి నోరు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఇటు తిరగడానికి ఇన్నేళ్లు పట్టిందా నీకు?” అని కమలాపండు వలిచి నోట్లో పెట్టింది. తియ్యగా ఉందన్నాడు.

సాయంత్రానికి చెయ్యి మళ్లీ బ్రష్షు కోసం తడుముకుంది. చిగుళ్లు అప్పటికే అరిగిపోయాయి. వాడికి కుదురన్నది చివరిదాకా రాలేదు. పడుకున్నప్పుడు మాత్రం పెళ్లాం వైపే తిరిగేవాడు.

పోయేనాటికి వాడికి యాభై ఎనిమిదేళ్లు.